గేటు పక్కన మూడడుగుల సందు

కొండపల్లి అడవిలోకి నల్లటి తారు రోడ్డు వేయాలి, కార్లు సర్రున లోపలికి పోవాలి, అప్పుడే ఈ చుట్టుపక్కల ఊళ్లు బాగుపడతాయి అనే మాట మనం బస్సులోనూ, టీ కొట్టు దగ్గరా వింటూనే ఉంటాం. పెద్దవాళ్లు చెప్పే మాట కదా అని మనలో కొందరు తల ఊపుతారు కూడా. నేను మాత్రం ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో ఈ నెల మన గోడపత్రికలో రాస్తున్నాను. మీరు ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే, కింద ఖాళీగా వదిలిన కాగితం మీద నాలుగు ముక్కలు రాయండి.

నా మాట ఒక్కటే. అడవిలో ఇప్పుడున్న ఎర్ర కంకర బాటల్ని అలాగే ఉంచాలి. బాట మొదట్లో నడుమెత్తున ఒక అడ్డగేటు పెట్టి తాళం వేయాలి. గేటు పక్కన మూడడుగుల సందు వదలాలి. ఆ సందులోంచి సైకిలు పట్టాలి, మేక పట్టాలి, మనిషి పట్టాలి. పుల్లల మోపు ఎటూ తల మీదే ఉంటుంది కాబట్టి అది గేటు పైనుంచి పోతుంది. కారూ లారీ మాత్రం పట్టకూడదు. ఇంతకి మించి ఆ బాటకి ఏ ముస్తాబూ అక్కర్లేదు.

గ్రావెల్ అంటే ఏమిటి?

గ్రావెల్ అనగానే మనకి గుర్తొచ్చేది ట్రాక్టరు లోడు. పల్లపు స్థలం మెరక చేయాలన్నా, ఇంటి పునాది నింపాలన్నా, గుంటలు పడ్డ డొంక రోడ్డు బాగుచేయాలన్నా గ్రావెల్ తోలిస్తారు. అదే మాట ఇప్పుడు వేరే దేశాల్లో ఒక ఆటకి పేరయింది. తారు లేని కంకర బాటల మీద, కార్ల సొద లేని చోట, చెరువుల పక్కనా చెట్ల నడుమా రోజంతా సైకిలు తొక్కుతూ పోవడాన్ని గ్రావెల్ సైక్లింగ్ అంటున్నారు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అని ఒక చిన్న ఊరుంది. అక్కడ గడ్డి కొండల మధ్య 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్ల పైన కంకర రోడ్ల మీద తొక్కే పందెం 2006లో కొద్దిమందితో మొదలైంది. తర్వాత తర్వాత వేలమంది రావడం మొదలుపెట్టారు. 2022లో ఇటలీ దేశంలో మొదటిసారిగా ఈ ఆటకి ప్రపంచ పోటీలు కూడా పెట్టారు.

ఇది డబ్బున్నవాళ్ల సరదా, మనకెందుకు అంటారేమో. ఆ సైకిళ్లు ఖరీదైనవే, అందులో అబద్ధం లేదు. కానీ వాటి గొప్పతనం ఎక్కడుందో చూడండి. అదంతా టైరు వెడల్పులో ఉంది. రోడ్డు పందేల సైకిలు టైరు సన్నంగా ఉంటుంది, కంకర మీద నిలవదు. అందుకని గ్రావెల్ సైకిలుకి 40 మిల్లీమీటర్లకి అటూ ఇటూ వెడల్పు ఉన్న టైరు వేస్తారు. ఇప్పుడు మీరు మన ఊళ్లో పాల క్యాన్లు కట్టుకొచ్చే పెద్ద సైకిలు దగ్గరికి పోయి టైరు పక్కన అచ్చుపోసిన అంకెలు చదవండి. 28 బై 1½ అని ఉంటుంది. కొన్నిటి మీద 40–635 అని కూడా ఉంటుంది. ఆ 40 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పే!

అంటే వాళ్లు ఇన్నేళ్లకి కనిపెట్టిన సంగతి మన పాలవాళ్లకీ, పోస్టుమాన్‌కీ, పుల్ల ఐసు అమ్మేవాళ్లకీ ఎప్పటినించో తెలుసు. మన సైకిలుకి గేర్లు లేవు, నిజమే. ఎత్తు వస్తే దిగి తోసుకుంటూ పోవాలి. అందులో నామోషీ ఏముంది? దిగి నడిచేటప్పుడే పక్కనున్న చెట్టు ఏమిటో, దాని మీద కూసే పిట్ట ఏమిటో తెలిసేది.

పైన అడవి, కింద కొల్లేరు

కొండపల్లి బెజవాడకి సుమారు ఇరవై కిలోమీటర్లు. కాజీపేట రైలు మార్గంలో స్టేషన్ ఉంది. ఇక్కడి రిజర్వు అడవి దగ్గర దగ్గర 30,000 ఎకరాలు, అంటే 120 చదరపు కిలోమీటర్లు. పాత కృష్ణా జిల్లాలో చెప్పుకోదగ్గ అడవుల్లో మిగిలినవాటిలో ఇదొకటి. 2022లో జిల్లాలు విడదీశాక ఇది ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఇందులో చిరుతలున్నాయి, నక్కలున్నాయి, అడవి పందులున్నాయి. హైదరాబాదు రోడ్డు మీద మూలపాడు దగ్గర అటవీశాఖవాళ్లు సీతాకోకచిలుకల పార్కు పెట్టారు. అక్కడినించి కొండల్లోకి నడక దారులున్నాయి. కొండ మీది కోట 14వ శతాబ్దం నాటిది. రెడ్డిరాజులు, గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు ఒకరి తర్వాత ఒకరు ఏలారు. 1766లో ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది.

ఇంతమందీ కోట కోసం కొట్టుకున్నారు గానీ, అసలు సంపద కోట కింద ఉన్న అడవి. ఎలాగో చెబుతాను. బుడమేరు అనే వాగు మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. వెలగలేరు దగ్గరికి వచ్చి, బెజవాడ అంచునే పారి, చివరికి కొల్లేటిలో కలుస్తుంది. పైన అడవి, కింద చెరువు, నడుమ ఈ వాగు. మూడూ ఒక ఇంటి మనుషుల్లాంటివి. ఒకరికి జ్వరం వస్తే మిగిలినవాళ్లు నిద్రపోలేరు. వరద నీళ్లని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలపడానికి ఒక కాలవ తవ్వారు. 2024 సెప్టెంబరు మొదట్లో వానలకి ఆ కాలవ కట్టకి గండ్లు పడ్డాయి. బెజవాడలో సింగ్ నగర్ వైపు ఊరికి ఊరే నీళ్లలో కూర్చుంది. గండ్లు పూడ్చడానికి సైన్యం దిగాల్సి వచ్చింది.

వరదకి కారణాలు చాలా ఉంటాయి, ఒక్కదాని మీదకి నెట్టడం న్యాయం కాదు. అయినా ఒక సంగతి చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. సిమెంటు అరుగు మీద చెంబెడు నీళ్లు పోస్తే క్షణంలో జారిపోతాయి. ఆకులు పరిచిన నేల మీద పోస్తే మెల్లగా ఇంకుతాయి. కొండ మీద పడ్డ వాన ఎంత నిదానంగా దిగితే కింద ఊళ్లకి అంత మేలు. అడవిలో వెడల్పాటి తారు రోడ్డు వేస్తే, దాని కోసం చెట్లు కొడితే, పక్కన పార్కింగు అని ఎకరాలు చదును చేస్తే, మనం అడవిలో సిమెంటు అరుగు కట్టినట్టే.

కింద కొల్లేటిని చూడండి. 308 చదరపు కిలోమీటర్లని 1999లో పక్షుల కోసం అభయారణ్యం చేశారు. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, రామ్‌సార్ జాబితా అంటారు, అందులో చేరింది. అయినా చేపల చెరువులు నిండిపోయి, 2006లో ప్రభుత్వమే గట్లు పగలగొట్టించాల్సి వచ్చింది. అప్పుడు చెరువుల మీద బతికే పేదవాళ్లు కూడా చాలా నష్టపోయారు. ముందు పాడుచేసి తర్వాత బాగుచేయాలంటే ఎంత ఖర్చో, ఎంత ఏడుపో కొల్లేరు చెబుతుంది. కొండపల్లి అడవి విషయంలో ముందే జాగ్రత్తపడితే ఆ ఏడుపు ఉండదు.

రెండు రకాల గ్రావెల్

ఇంకో ముఖ్యమైన సంగతి. 2020, 2021 సంవత్సరాల్లో కొండపల్లి రిజర్వు అడవిలో గ్రావెల్ అక్రమంగా తవ్వేస్తున్నారని పెద్ద గొడవ జరిగింది. పత్రికల నిండా అదే వార్త. పార్టీలవాళ్లు ఒకరినొకరు తిట్టుకున్నారు. ఎవరిది తప్పో తేల్చడం నా పని కాదు. నేను చెప్పేది ఏమంటే, గ్రావెల్‌ని రెండు రకాలుగా చూడొచ్చు. తవ్వి లారీకెత్తితే అది లోడు. ఒక్కసారి డబ్బులొస్తాయి, కొండ పోతుంది, గొయ్యి మిగులుతుంది. ఉన్నచోటే ఉంచితే అది బాట. దాని మీద ఏడాది పొడుగునా మనుషులు పోతూనే ఉంటారు, కొండ కొండలాగే ఉంటుంది.

పైగా లారీకి ముందు కావలసింది రోడ్డు. కార్ల కోసమని వేసిన వెడల్పు రోడ్డు మీద రాత్రిపూట లారీ పోదని ఎవరు పూచీ ఇస్తారు? మూడడుగుల సందులోంచి ఎంత తెలివైనవాడైనా లారీని దూర్చలేడు. అంటే ఈ గేటు సైకిళ్ల కోసమే కాదు, కొండ కోసం కూడా.

ఇంకా అక్కడ రోజూ మనుషులు తిరుగుతుంటే అదే పెద్ద కాపలా. సైకిలు మీద పోయేవాడికి చప్పుడు వినపడుతుంది. ఎక్కడో గొడ్డలి దెబ్బ పడితే తెలుస్తుంది. కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తుంది. అద్దాలు మూసుకుని పాటలు పెట్టుకుని కారులో పోయేవాడికి ఏం తెలుస్తుంది?

ఎవరికి లాభం?

మొదటి లాభం ఆడపిల్లలకి. మనలో ఎంతమందికి సైకిలు తొక్కడం వచ్చో చేతులెత్తమంటే సగం మంది కూడా ఎత్తరు. రాదు అంటే చేతకాక కాదు, నేర్చుకునే చోటు లేక. హైదరాబాదు రోడ్డు మీద నేర్చుకోగలమా? థర్మల్ స్టేషన్ బూడిద లారీలు తిరిగే దారిలో నేర్చుకోగలమా? మగపిల్లలైతే బారు కింద నించి కాలు దూర్చి ఎలాగో అడ్డతొక్కుడు తొక్కేస్తారు. మనల్ని రోడ్డెక్కనివ్వరు. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1991 నించి అక్షరాస్యత ఉద్యమంతోపాటే ఆడవాళ్లకి సైకిలు నేర్పించారు. అప్పుడు అక్కడి కలెక్టరు షీలా రాణి చుంకత్ అనే ఆవిడ. కూలిపనికి పోయేవాళ్లు, క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు వేలకి వేలు నేర్చుకున్నారు. బీహారులో 2006లో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చే పథకం పెట్టారు. దాని వల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య దాదాపు మూడో వంతు పెరిగిందని తర్వాత పరిశోధకులు లెక్కకట్టి చెప్పారు. సైకిలు ఇస్తే సరిపోదు, భయం లేకుండా తొక్కే దారి కూడా ఉండాలి. లారీ రాని కంకర బాట ఆ దారి.

రెండో లాభం బొమ్మలవాళ్లకి. కొండపల్లి బొమ్మ పుట్టేది ఈ అడవిలోని తెల్లపొణికి చెట్టు నించి. తేలికైన కర్ర. దాన్ని ఆరబెట్టి చెక్కుతారు. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి చేసిన మక్కుతో ముక్కలు అతుకుతారు. అడవిలో పొణికి తగ్గిపోయింది, కర్ర దొరకడం కష్టమైపోయింది అని బొమ్మలవాళ్లు ఎన్నేళ్లనించో మొత్తుకుంటున్నారు. ఆ బాటల పక్కన పొణికి మొక్కలు నాటాలి. సైకిలు మీద వచ్చినవాడు ముందు చెట్టు చూస్తాడు, తర్వాత బొమ్మల కాలనీకి వచ్చి బొమ్మ చూస్తాడు. చెట్టు చూసినవాడు బొమ్మకి బేరం తక్కువ ఆడతాడని నా నమ్మకం.

మూడో లాభం అడవి అంచు ఊళ్లవాళ్లకి. కారులో వచ్చినవాడు బెజవాడలో టిఫిను చేసి వస్తాడు, మధ్యాహ్నానికి తిరిగి బెజవాడ పోతాడు. సైకిలు తొక్కినవాడికి ఆకలేస్తుంది, దాహమేస్తుంది, పంక్చరు పడుతుంది. మజ్జిగా, ఇడ్లీ, పంక్చరు ముక్కా అన్నీ ఊళ్లోనే కొనాలి.

కాదనేవాళ్లకి జవాబు

కార్లు రాకపోతే ఎవరూ రారు అంటారు. రాజస్థాన్‌లో భరత్‌పూర్ పక్షుల పార్కు ఉంది. చెరువులూ చెట్లూ కలిసిన చోటు, 1985 నించి ప్రపంచ వారసత్వ స్థలం. దాని లోపలి దారుల్లో సొంత కార్లు పోనివ్వరు. గేటు దగ్గర అద్దె సైకిలు తీసుకోవాలి, లేకపోతే రిక్షా ఎక్కాలి, లేకపోతే నడవాలి. అక్కడి రిక్షావాళ్లు పక్షుల పేర్లు నేర్చుకుని, చూడవచ్చినవాళ్లకి వాళ్లే చూపిస్తారు. అయినా ప్రపంచం నలుమూలలనించీ జనం వస్తూనే ఉన్నారు. మహారాష్ట్రలో మాథేరాన్ అనే కొండ ఊరికి కూడా వచ్చేవాళ్లు కార్లు బయటే వదిలి లోపలికి పోతారు. ఆ ఊరికి జనం తగ్గలేదు. కార్లు లేకపోవడమే దాని పేరు నిలబెట్టింది.

ముసలివాళ్ల సంగతి, నడవలేనివాళ్ల సంగతి ఏమిటి అంటారు. మంచి ప్రశ్నే. వాళ్ల కోసం మూడు చక్రాల బళ్లు ఉంచాలి. తొక్కడానికి ఊరి కుర్రవాళ్లు ఉన్నారు, వాళ్లకి పని దొరుకుతుంది. కోటకి పోయే ఘాట్ రోడ్డు ఎలాగూ ఉంది, దాన్ని ఎవరూ మూయమనడం లేదు. అంబులెన్సుకీ, అటవీశాఖ జీపుకీ గేటు తాళం తీస్తారు.

సందులోంచి మోటారు సైకిలు దూరుతుంది కదా అంటారు. దూరుతుంది. అందుకే సందుని తిన్నగా కాకుండా ఒక మలుపు తిప్పి కట్టాలి. సైకిలైతే ముందు చక్రం లేపి తిప్పుకుని పోవచ్చు. అంత బరువున్న మోటారు సైకిలుని లేపడం కష్టం. అయినా దూర్చేవాడు ఒకడుంటాడు. వాడికోసం కాపలావాడు ఉండాలి, ఆ ఉద్యోగం అడవి అంచు ఊరివాళ్లకే ఇవ్వాలి.

ఎండలు, జంతువులు అంటారు. నిజమే, బెజవాడ ఎండలో మధ్యాహ్నం సైకిలు తొక్కమనేవాడికి బుద్ధి లేదనాలి. తెల్లవారి ఆరింటి నించి పదింటి దాకా చాలు. కార్తీకం నించి మాఘం దాకా మంచి కాలం. వేసవిలో ఎండలకీ, కారుచిచ్చు భయానికీ మూసేయాలి. చీకటి పడ్డాక ఆ బాట జంతువులది, మనది కాదు.

మన మాట

చివరగా అన్నిటికంటె ముఖ్యమైనది. మన తల్లిదండ్రుల్లో చాలామంది అడవి మీద ఆధారపడినవాళ్లు. తండాలవాళ్లు, యానాదులు, ఎరుకలవాళ్లు, ఎవరైనా సరే, పుల్లలకీ మేతకీ ఆకులకీ అడవిలోకి పోయేవాళ్లం. మనకి ఒక అనుభవం ఉంది. అడవిని కాపాడతాం అని గేటు పెట్టినప్పుడల్లా ముందు ఆగేది మనమే. కారు హారను కొడితే గేటు తెరుచుకుంటుంది, మోపు ఎత్తుకున్న ఆడమనిషిని మాత్రం నిలబెట్టి నూరు ప్రశ్నలు అడుగుతారు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టంలో అడవి మీద బతికేవాళ్లకి మేపుకునే హక్కు, అడవి ఫలసాయం ఏరుకునే హక్కు రాసి ఉన్నాయి. సైకిలు బాట పేరు చెప్పి ఆ హక్కుని ఎవరూ ముట్టుకోకూడదు. టిక్కెట్టు పెడితే బయటనించి సరదాకి వచ్చేవాడికి పెట్టాలి, పనికి పోయేవాడికి కాదు. సైకిలు తొక్కేవాడు మేకల మంద ఎదురైతే దిగి నిలబడాలి. ముందు మంద, తర్వాత సైకిలు. ఈ ఒక్క నియమం బోర్డు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి.

అడవి రిజర్వు అడవి కాబట్టి ఇదంతా అటవీశాఖ ఒప్పుకుంటేనే జరుగుతుంది. ఊళ్లవాళ్లు గ్రామసభలో తీర్మానం చేసి అడగాలి. మనం పిల్లలం, మనకి ఓటు లేదు. కానీ అర్జీ రాయడం మన తెలుగు వాచకంలోనే ఉంది. ఈ పత్రిక చదివిన ప్రతి తరగతీ ఒక్కొక్క అర్జీ రాసి, అందరం సంతకాలు పెట్టి, అటవీశాఖ అధికారులకి పంపుదాం. పెద్ద ఖర్చు అడగడం లేదు. కొత్త రోడ్డు అడగడం లేదు. ఒక ఇనప గేటు, ఒక తాళం, దాని పక్కన మూడడుగుల ఖాళీ. ఉన్న బాటని ఉన్నట్టే ఉంచమని అడుగుతున్నాం.

అర్జీ రాయడానికి ఎవరెవరు కలుస్తారో పేర్లు కింద కాగితం మీద రాయండి. కాదనేవాళ్లు ఎందుకు కాదో కూడా రాయండి. వచ్చే నెల పత్రికలో జవాబు చెప్పుకుందాం.

– పదవ తరగతి విద్యార్థిని